గోళీ

జాన్‌డామ్‌లో ఇల్లు చూడ్డానికి వెళ్ళేవాళ్ళు
జేబులో ఒక గోళీ వేసుకెళ్ళాలని
మా బస్సు డిపోలో ప్రతి డ్రైవరుకీ తెలుసు.

కాబట్టి ఆ శనివారం, ఖాళీ హాలు నడుమ
మా ఫెన్నా మోకాళ్ళ మీద కూర్చుని
ఆకుపచ్చ గోళీని నేల మీద పెట్టి వేలు తీసేసింది.
ఒక్క క్షణం ఆలోచించుకుంది గోళీ.
తర్వాత, ఎవరో పిలిచినట్టు
కిటికీ వైపు వెళ్ళిపోయింది.
ఏజెంటు దగ్గాడు.
"పాత ఇళ్ళకి ఆ మాత్రం వయ్యారం ఉంటుంది" అన్నాడు.

ఇక్కడ ఇళ్ళ కింద అడవి ఉంటుంది.
నూరేళ్ళ కిందట పైన్ మానుల్ని తలకిందులుగా
బురదలోకి దిగ్గొట్టి
వాటి మొదళ్ళ మీద గోడలు లేపారు.
నీళ్ళలో మునిగి ఉన్నంతకాలం ఆ కర్రకి చావు లేదు.
ఎండలు ముదిరి నీరు జానెడు దిగి
గాలి తగిలిందా, పుచ్చడం మొదలు.
ఊపిరాడితే చచ్చిపోయే ప్రాణి
మా పునాది.

ఈ మాట నాది. మా ఆయన సీట్సేకి మాటలు చాలవు,
గడులు కావాలి.
ఎడమ గడిలో అద్దె: ప్రతి జులైకీ ఒక ఉత్తరం,
"గౌరవనీయులైన నివాసికి" అని మొదలై
అంకెతో ముగిసేది.
కుడి గడిలో బ్యాంకు: ముప్పై ఏళ్ళు.
అప్పటికి నాకు డెబ్భై మూడు.
ఆ వయసులో ఏం చేస్తాం అంటే
"మనింట్లో కూర్చుంటాం" అన్నాడు.
అద్దింట్లో అయితే నిలబడే ఉంటామా అన్నాను.
రెండు రోజులు మాటల్లేవు.

పద్నాలుగేళ్ళుగా మూడో అంతస్తులో ఉన్నాం.
బాయిలర్ పాడైతే ఫోన్ చేస్తాం. మనిషి వస్తాడు,
బూట్లకి నీలం సంచులు తొడుక్కుని,
బాగుచేసి, సంతకం పెట్టించుకుని పోతాడు.
కప్పు కారితే మాకు సంబంధం లేదు.
గోడ బీటలిచ్చినా లేదు.
వంటింటి తలుపు పక్కన ఫెన్నా ఎత్తు గీసిన గీతలు,
తొమ్మిది, పెన్సిలువి,
వాటితోనూ లేదు.
ఖాళీ చేసేరోజు తెల్లరంగు వేసి పోవాలట,
పదహారో నిబంధన.

మంగళవారం ఆఖరి ట్రిప్పు అయ్యాక
సీట్సేకి చెప్పకుండా మళ్ళీ వెళ్ళాను.
అమ్మేది హార్మెన్ అనే ముసలాయన.
నా యూనిఫాం చూసి
"టికెట్ లేకుండా ఇన్నేళ్ళున్నానని పట్టుకున్నారా?" అన్నాడు.
కాఫీ ఇచ్చాడు, ఒక్కటంటే ఒక్క బిస్కెట్‌తో,
డబ్బా మూత మళ్ళీ గట్టిగా నొక్కాడు.

"పునాది నివేదిక ఉందా?"
"నలభై ఒక్క ఏళ్ళు ఇక్కడే నిద్రపోయాను, అదే నివేదిక."
టేబుల్‌కి రెండు కాళ్ళ కింద చెక్కముక్కలు.
మంచానికి ఇంకాస్త మందంవి.
తలుపులకి మూడుసార్లు చిత్రిక పట్టించాడు.
ఇల్లు ఎటు ఒరిగితే అటే ఒరిగి ఒరిగి
ఇప్పుడు హోర్న్‌లో చెల్లెలింటికి వెళ్తే
చదును నేల మీద తూలుతున్నాడట.

బాగుచేయిస్తే ఎంతవుతుందని అడిగాను.
ఇంటి ధరలో మూడోవంతు చెప్పాడు,
దాచకుండా, కాకపోతే మెల్లగా,
ఇల్లు వింటుందేమో అన్నట్టు.
"పక్కింటివాళ్ళూ ఒప్పుకోవాలి. గోడ ఒక్కటే కదా."
ఒప్పుకుంటారా?
కప్పులు తీసి కడగడం మొదలుపెట్టాడు.
పక్కింటివాళ్ళకి గడి లేదు
సీట్సే పట్టికలో.

మా ఇంటికొచ్చేసరికి పదకొండున్నర.
కోటు తియ్యకుండానే వంటింట్లో గోళీ పెట్టాను.
కదల్లేదు.
అంత చదును, అంత బుద్ధి, అద్దె నేలకి.
సీట్సే గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.
ఎక్కడికెళ్ళావని అడగలేదు.
గురువారం ఐదింటికల్లా చెప్పాలి, అవునో కాదో.
"ఏమంటోంది?" అన్నాడు, గోళీని చూపించి.

పైన ఎవరో మంచం దిగి
నీళ్ళ కోసం నడిచారు.
గోళీ వణికింది.
తొమ్మిది గీతల వైపు వెంట్రుకవాసి జరిగి
ఆగింది.